బంద్‌కు మూతపడని కాలేజీ

ముందుగా ఒక మాట. నా రాతలో తప్పులుంటాయి, మన్నించండి. నేను అక్షరాలు నేర్చుకున్నది అరవై దాటిన తర్వాత, చర్చి కాంపౌండ్‌లో ఎలిశిబా టీచరమ్మ నడిపే రాత్రి బడిలో. ఒత్తులు ఇంకా నా మాట వినవు. నేను ఒక పేజీ రాసేలోపు మీరు అన్నం వండుకొని, తిని, గిన్నెలు కడుక్కోవచ్చు. కాబట్టి ఇది మీ చేతికి వచ్చేసరికి విషయం పాతబడి ఉంటే ఆ తప్పు నా చేతిది, విషయానిది కాదు.

ఇక విషయం. ఈ దేశంలో పిల్లలు చదవగల చదువులన్నింటిలో ఆన్‌లైన్ డిజైన్ డిగ్రీని మించింది లేదు!

ఈ మాట ఊరికే అనడం లేదు. మా ఇంట్లో అలాంటి డిగ్రీ ఒకటి నడుస్తున్నది. ఏడాదిగా దాని పక్కనే పడుకుంటున్నాను.

చదివేది నా మనవరాలు మమత. ఫీజు కట్టేది నేను. వద్దనేది నా కొడుకు రఘుపతి, మెదక్ డిపోలో కండక్టరు. ఈ నెలాఖరులోగా రెండో ఏడాది ఫీజు కట్టాలి. కడితే పిల్ల మూడేండ్ల చదువులో రెండో మెట్టు ఎక్కుతుంది. కట్టకపోతే మొదటి ఏడాది మంజీరలో కలిసినట్టే. కట్టాలా, వద్దా? ఈ ఎండాకాలమంతా కూర్చొని తూచాను. తూచింది మీకూ చూపిస్తే, రేపు మీ ఇంట్లో ఇలాంటి డిగ్రీ మొలిచినప్పుడు పనికొస్తుందని రాస్తున్నాను.

ముందు ఖర్చు చెప్పాలి.

మా ఆయన వెంకట్రాములు బోర్డులు రాసే పెయింటర్. మా ఇంటి ముందు గదికి షట్టర్ ఉంది, అదే ఆయన దుకాణం. ఊర్లో కిరాణం పెట్టినా, దవాఖానా తెరిచినా, పేరు ఆయన బ్రష్షుతో రాయాల్సిందే. నాకు చదువు రాదు గనుక ఆయన రాసినవన్నీ నాకు ఒకటే, మంచి రంగులు. మా షట్టర్ పక్క గోడ మీద ఆయన ఎర్రగా, గుండ్రంగా రాసుకున్న అక్షరాలను దేవుడి పేరనుకొని, ప్రతి శుక్రవారం పసుపు కుంకుమ పెట్టేదాన్ని. ఆయన చూసేవాడు, ఏమీ అనేవాడు కాదు. ఆయన పోయిన తర్వాత, రాత్రి బడిలో చేరి, ఒకరోజు కూడబలుక్కొని చదివాను. అక్కడ "అరువు లేదు" అని ఉంది.

ఆయన ఉన్నప్పుడే ఫ్లెక్సీలు వచ్చాయి, బ్రష్షులు ఎండిపోయాయి. ఆ ముందు గదిని ఫ్లెక్సీలు ప్రింటు చేసే ఇంద్రకరణ్‌కే కిరాయికిచ్చి, అతనిచ్చిన అడ్వాన్సుతో మమత మొదటి ఏడాది ఫీజు కట్టాను. నేను వెనుక గదిలోకి మారాను. ముందు గదిలో గాలి వచ్చేది. వెనుక గదిలో ఫ్లెక్సీ మిషను వాసన వస్తుంది. దీన్ని కూడా ఖర్చు అంటారా? నేను అనను. గాలికి రసీదు ఇవ్వరు గదా.

ఇక లాభాలు.

అన్నింటికన్నా పెద్ద లాభం, ఈ కాలేజీకి బంద్ తగలదు. పోయినేడు సకల జనుల సమ్మెలో మీరందరూ చూశారు. బడులకు తాళాలు పడ్డాయి. ఆఫీసులకు తాళాలు పడ్డాయి. రఘుపతి బస్సు డిపోలో పడుకుంది, రఘుపతి ఇంట్లో పడుకున్నాడు. రాందాస్ చౌరస్తాలో రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తే నేనూ పోయి పప్పు కలిపి వచ్చాను. మామూలు డిగ్రీలు చదివే పిల్లలు జెండాలు పట్టుకొని తిరిగారు. ఒక్క మమత కాలేజీ మాత్రం ఒక్క పూట ఆగలేదు.

రఘుపతికి అది నచ్చలేదు. సమ్మెలో ఉన్న మనిషి గదా.

"తెలంగాణ అంత ఆగింది, గీ పోరి కాలేజొక్కటి ఆగలే. ఎక్కడున్నదే గది?"

"ఆన్‌లైన్ల ఉన్నది నాన్నా."

"గదే, ఏ మండలం?"

మమత నవ్వింది. రఘుపతి నవ్వలేదు. పది మంది పోయి ధర్నాకు కూర్చుందామన్నా గేటు లేని కాలేజీ. ఎంత భద్రం!

బంద్ ఆపలేని చదువును కరెంటు ఆపుతుందని కొందరు అంటారు. నిజమే, ఎండాకాలం మా ఊర్లో కరెంటు చుట్టంలాగా వచ్చిపోతుంది. వచ్చినప్పుడు పిల్ల లాప్‌టాప్‌కు చార్జింగ్ పెట్టుకొని డాబా ఎక్కుతుంది. నెట్ డాంగిల్‌ను చర్చి గోపురం వైపు తిప్పితేనే సిగ్నల్ దొరుకుతుంది. నేను వెనకాల గొడుగు పట్టుకొని నిలబడతాను. ఏ కాలేజీలో అయినా నానమ్మను క్లాసులో నిలబడనిస్తారా? ఇందులో నిలబడనిస్తారు. నా మోకాళ్లకు మెట్లెక్కే వ్యాయామం ఫ్రీ.

అందులో పాఠం చెప్పే సారు చాలా మంచివాడు. నీలం అంగీ వేసుకుంటాడు. ఏడాదంతా అదే అంగీ. మమత ఆగమంటే ఆగుతాడు, నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉంటాడు. మొదలు నుంచి చెప్పమంటే విసుక్కోకుండా మొదలు నుంచి చెబుతాడు. మా కాలంలో మాట వినే మగమనిషిని మేము ఎన్నడైనా చూశామా? ఆలస్యంగా వచ్చినవేమని అడగడు. జ్వరం వచ్చిందా అనీ అడగడు.

మా పక్కింటి పెంటమ్మకు ఈ చదువు సంగతి తెలిసి ఆరా తీయడానికి వచ్చింది.

"పోరి ఏం చదువుతున్నదక్కా?"

"డిజైన్."

"బ్లౌజులదా?"

"కాదు. కుర్చీలు, డబ్బాలు, అక్షరాలు. అక్షరాల పక్కపొంటి ఎంత ఖాళీ ఇడిసిపెట్టాలె, గది సుత."

"ఖాళీకి సుత చదువున్నదా?"

"డిగ్రీ ఉన్నది."

పెంటమ్మ చెంపకు చెయ్యి పెట్టుకుంది. "మా ఇంట్ల మస్తుగున్నదక్కా ఖాళీ. తెల్వక ఊకున్నం."

ఇప్పుడు అంతకన్నా గొప్ప లాభం చెబుతాను. మార్కులు. మమత ఏ బొమ్మ గీసి పంపినా, రాత్రి పంపితే పొద్దున్నకల్లా జవాబు వచ్చేది. "ఎక్స్‌లెంట్ వర్క్. కీప్ ఇట్ అప్." ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు. చదువు అంటే ఇది! మా ఎలిశిబా టీచరమ్మ చదువూ ఒక చదువేనా? పలక చేతికిస్తే ముందు ఎర్ర సుద్దముక్క అందుకుంటుంది. "గిది క కాదు బాలనర్సమ్మా, కాలు ఇరిగిన కోడి. మల్ల రాయి" అంటుంది. నేను రాసేదాకా నా వేలు పట్టుకొని కూర్చుంటుంది. పైగా ఫీజు తీసుకోదు. ఫీజు లేని చోట తిట్లు ఉంటాయి, ఫీజు కట్టిన చోట మెచ్చుకోలు ఉంటుంది. డబ్బుకు తగ్గ సరుకు.

మొదట్లో ఎక్స్‌లెంట్ వచ్చిన ప్రతిసారీ పిల్ల మెట్లమీద ఎగురుకుంటూ దిగేది. తర్వాత మామూలుగా దిగేది. చలికాలం వచ్చేసరికి ఒకరోజు దిగి నా పక్కన కూర్చున్నది.

"నానమ్మా, నేను ఏసేటియి నిజంగ మంచిగుంటున్నయా?"

"ఆళ్లు చెప్పిండ్రు గద బిడ్డా."

"నువ్వు చెప్పు."

"నాకేం తెలుసు? నాకు రంగులే తెలుసు."

"ఆళ్లు జూడకుండనే అంటున్నరేమో అని నాకు అనుమానం."

తప్పు, అట్లా అనుకోవద్దు అన్నాను. ఫీజు తీసుకున్నవాళ్లు చూడకుండా ఉంటారా? కిరాణంలో పావుకిలో చక్కెర కొన్నా త్రాసు వైపు చూస్తారు.

ఆ అనుమానం కూడా తీరిపోయింది. ఎట్లా తీరిందో చెబుతాను.

ముసలివాళ్లు సుఖంగా కూర్చునే కుర్చీని గీసి పంపమని కాలేజీవాళ్లు పని ఇచ్చారు. మమత నన్ను కూర్చోబెట్టి, లేపి, నా మోకాళ్లు కొలిచి, వారం రోజులు కష్టపడి గీసింది. అదే వారం నేను మొట్టమొదటిసారి మా ఆయన పేరు పలక మీద ఎవరి సాయం లేకుండా రాశాను. వెంకట్రాములు. ఆ ఒత్తు రాసేసరికి నాకు చెమట పట్టింది. పిల్ల సంబరపడి ఆ పలకను ఫోటో తీసింది. ఆ సాయంత్రం కరెంటు పోయేలోపు కుర్చీ పంపాలన్న తొందరలో కుర్చీకి బదులు పలక ఫోటో పంపింది.

పొద్దున జవాబు వచ్చింది. మమత చదివి నాకు తెలుగులో చెప్పింది. "ఎక్స్‌లెంట్ వర్క్. మీ కుర్చీ వృద్ధుల అవసరాలను చక్కగా అర్థం చేసుకుంది. కీప్ ఇట్ అప్." ఏడాదిలో ఎన్నడూ రానన్ని మార్కులు వచ్చాయి.

ఇందులో తప్పేముంది? నలభై ఏండ్లకు పైగా ఆ పేరును ఆనుకొనే కూర్చున్నాను. ఇప్పటికీ నడుము నొప్పి పుడితే దాన్నే ఆనుకుంటాను. కుర్చీ అన్నవాడు తెలిసే అన్నాడేమో.

మమత ముందు గట్టిగా నవ్వింది. నేనూ నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ పిల్ల ముఖం గోడకు తిప్పుకున్నది. ఆ రోజు నుంచి లాప్‌టాప్ మూత తెరవలేదు. పెన్సిలు ముట్టలేదు. డాబా ఎక్కలేదు. పిలిస్తే పలికేది, పెడితే తినేది. నా గొడుగు మూలకు పడింది.

రఘుపతి ఇదే సందు అనుకున్నాడు. "అమ్మా, చాలిస్తే మంచిగుంటది. పిల్ల మొఖం జూడు, బందైన దుకాణం లెక్కున్నది."

"గట్లనే సదువు ఇడిసిపెడితే ఏం జేస్తది?" అన్నాను నేను.

అతను ఖాకీ అంగీ తొడుక్కొని డ్యూటీకి పోయాడు.

అప్పుడే సంపాదన మొదలైంది. అవునండీ, ఈ డిగ్రీతో సంపాదన ఉంది. దాని లెక్క కూడా చెప్పకపోతే తూకం సరిగా ఉండదు.

మా వార్డులో మదన్ మోహన్ అని ఒక లీడరున్నాడు. అతని పుట్టినరోజుకు చౌరస్తాలో పెట్టే ఫ్లెక్సీ చేయమని ఇంద్రకరణ్‌కు చెప్పాడు. ఇంద్రకరణ్ దగ్గర చేసే మనిషి శివ్వంపేటలో పెండ్లికి పోయాడు. ఇంద్రకరణ్ వెనుక గదిలోకి వచ్చి, "ఊకనే కూసున్నవ్ గద మమతా, జర జేసిపెట్టు" అన్నాడు. పిల్ల వద్దనలేదు, సరే అనలేదు. లేచి మిషను ముందు కూర్చుంది.

పుట్టినరోజు ఫ్లెక్సీ ఎట్లా ఉంటుందో మీకు తెలుసు. లీడరు ముఖం పెద్దగా, ఆయన పైలీడరు ముఖం అంతకన్నా జర పెద్దగా, కింద ముప్పై మంది పిల్లకాయల ముఖాలు పాస్‌పోర్టు ఫోటోల్లా, ఒక పులి, ఒక హెలికాప్టరు, గులాబీలు, మెరుపులు. చీమ నిలబడడానికి జాగా ఉండకూడదు. మమత చదివింది ఖాళీ చదువు గదా! తెల్లటి ఫ్లెక్సీ, మధ్యలో మదన్ మోహన్ ఒక్కడే, నలుపు తెలుపు ఫోటోలో చిన్నగా నవ్వుతూ. కింద సన్నటి అక్షరాల్లో పేరు. పేరు కింద తారీఖు. అంతే.

తెల్లవారుజామున అది చౌరస్తాలో కట్టారు.

మొదట పాన్‌డబ్బావాడు చూశాడు. చూసి, చెప్పులు విడిచి, దండం పెట్టి, డబ్బా మూశాడు. అతన్ని చూసి హోటలువాడు పొయ్యి ఆర్పాడు. ఆ ఏడాది మా ఊరికి షట్టర్లు దించడం బాగా అలవాటైపోయింది, ఎందుకని ఎవరూ అడగరు. పాలు పోసే వేళకు వీధంతా మూతపడింది. మనోహరాబాద్ నుంచి మదన్ మోహన్ బామ్మర్ది ఏడ్చుకుంటూ మోటరుసైకిల్ మీద వచ్చాడు. పెంటమ్మ అందరికన్నా ముందు పోయి లీడరు ఇంటి ముందు కూర్చొని శోకం పెట్టింది. తలంటు పోసుకొని కేకు కోయడానికి కొత్త బట్టలు కట్టుకొని మదన్ మోహనే బయటికి వచ్చి, "ఏమైందక్కా?" అని అడిగాడట. మధ్యలో ఆపితే మర్యాద కాదని పెంటమ్మ మొదలుపెట్టిన శోకం పూర్తి చేసి, చాయ తాగి, అప్పుడు లేచింది.

పొద్దెక్కేసరికి ఆ ఫ్లెక్సీని చుట్టి చంకలో పెట్టుకొని మదన్ మోహన్ మా షట్టర్ ముందు నిలబడ్డాడు. నేను వెనుక గదిలో నుంచి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాను.

"గిది ఎవలు జేసిండ్రు?"

ఇంద్రకరణ్ మిషను కిందికి చూశాడు. మమత లేచి నిలబడింది. "నేనే అన్నా."

"నేను బతికున్న గద బిడ్డా. గింత తెల్లగ ఎందుకు పెట్టినవ్?"

"వైట్ స్పేస్ అంటరన్నా. జూసేటోళ్ల కండ్లు ఆగాలెనని."

"ఆగినయి. మా బామ్మర్ది గుండె సుత ఆగేటట్టుండె."

మమత తల వంచుకున్నది. తిడతాడనుకున్నాను. మదన్ మోహన్ ఆ ఫ్లెక్సీని నేల మీద పరిచాడు. దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. చాలాసేపు చూశాడు. ఏడాదిలో నా మనవరాలి పనిని ఒక మనిషి అంతసేపు చూడడం నేను చూసింది అదే మొదలు.

"ఫోటో మంచిగ దీసుకున్నవ్. గిట్ల నా మొఖం ఎవ్వలు సూపియ్యలే, మంచోని లెక్కున్న. గని పేరు కిందికేసినవ్. పేరు కిందికేస్తే పోయినోడు, మీదికేస్తే ఉన్నోడు. తారీఖు ఒక్కటే ఏస్తే ఏమనుకుంటరు? రంగేది? మనకు రంగు లేకుంటే పండుగే లేదు."

"రంగేస్తే మల్ల పులి, హెలికాప్టరు అంటరు గదన్నా."

"పులి వద్దు. హెలికాప్టరు ఉండనీ."

"హెలికాప్టరు సుత వద్దు."

"నా పుట్టినరోజా, నీదా?"

పిల్ల వెనక్కి తగ్గలేదు, ఆయనా తగ్గలేదు. కరెంటు పోయేదాకా వాదించుకున్నారు, వచ్చిన తర్వాత మళ్లీ మొదలుపెట్టారు. రెండోసారి చేసింది ఆయనకు నచ్చలేదు. "గిది ఎరువుల మూట లెక్కున్నది" అన్నాడు. మమత పండ్లు కొరుక్కుంటూ చెరిపింది. మూడోసారి చేసిందాన్ని వంగి దగ్గరగా చూశాడు. అందులో రంగు ఉంది, ఖాళీ ఉంది, హెలికాప్టరు లేదు.

"గిప్పుడు బతికిన" అని లేచిపోయాడు.

ఆ రాత్రి మమత రెండుసార్లు అన్నం పెట్టించుకున్నది. "నానమ్మా, ఎరువుల మూట అన్నడు సూడు, నిజమే. అక్షరాలు మస్తు లావైనయి" అని తనలో తాను నవ్వుకున్నది. పొద్దున్నే పెన్సిలు వెతుక్కున్నది.

ఆ తెల్ల ఫ్లెక్సీ ఊరంతా చూసింది గనుక, ఇప్పుడు మెదక్‌లో నిజంగానే ఎవరైనా పోతే ఇంటివాళ్లు వచ్చి, "మదన్ మోహన్‌కు పెట్టిండ్రు గద, గసొంటిది" అని అడుగుతున్నారు. మమత చేసి ఇస్తున్నది, వాళ్లు చేతిలో ఏదో ఒకటి పెడుతున్నారు. ఆన్‌లైన్ డిజైన్ డిగ్రీకి సంపాదన లేదని ఎవరన్నారు? ఉంది. కాకపోతే మనుషులు పోతుండాలి.

ఇన్ని లాభాలు చూసిన తర్వాత ఫీజు కట్టేద్దామనే కూర్చున్నాను. కట్టే ముందు ఒక చిన్న కోరిక కోరుదామనిపించింది. నేనే నా చేత్తో రాశాను. ఎలిశిబా టీచరమ్మ ఎర్ర సుద్దతో చాలా చోట్ల గీతలు గీసింది, సరిచేసి మళ్లీ రాశాను. మమత దాన్ని ఇంగ్లీషులోకి మార్చి కాలేజీకి పంపింది. నేను రాసింది ఇంతే. "అయ్యా, మా పిల్ల గీసిన బొమ్మల్లో ఒక్కదాన్ని చూసి, ఒక్క తప్పు చెప్పండి. రెండో ఏడాది ఫీజు మొత్తం ఒకేసారి కడతాను."

పొద్దున్నకల్లా జవాబు వచ్చింది.

"ఎక్స్‌లెంట్ వర్క్. కీప్ ఇట్ అప్."

మార్కులు కూడా వేశారు.

కాబట్టి నా తూకం తేలింది. ఫీజు కట్టడం లేదు. మొదటి ఏడాది మంజీరలో కలవనీ. మమత హైదరాబాద్‌లో బొమ్మలు నేర్పే కాలేజీకి ప్రవేశ పరీక్ష రాస్తానన్నది. తండ్రి బస్సులోనే పోతుంది. ఆ కాలేజీ మంచిది కాదు, నాకు తెలుసు. బంద్ అంటే మూతపడుతుంది. సార్లు సమ్మెకు పోతారు. ఆలస్యమైతే బయట నిలబెడతారు. బాగా లేకపోతే ముఖం మీదే చెబుతారు. పరీక్ష తప్పినా సరే, ఎక్కడ తప్పిందో ఎవరో ఒక మనిషి చూసి ఉంటాడు గదా.

తాళం పడిన కాలేజీని చూసి మనం ఏడ్చాం. ఆ తాళం తీసి లోపలికి రావాల్సిన మనుషులున్నారు. మా పిల్ల కాలేజీకి ఎన్నడూ తాళం పడలేదు, ఎందుకంటే లోపల ఎవరూ లేరు.

నా రాతలో తప్పులుంటే దయచేసి రాయండి. ఎర్ర సిరాతో రాసినా ఏమీ అనుకోను. బాగుంది అని మాత్రం రాయకండి.

బాలనర్సమ్మ, అరవై ఆరేండ్లు. ఇప్పుడు ఉంటున్నది మెదక్‌లో, ఫ్లెక్సీ దుకాణం వెనుక గదిలో.